మే ఎండకీ నవంబర్ వానకీ ఒకటే కుండీ: మిద్దె మీద బోన్సాయ్ మట్టి డైరీ

ఫిబ్రవరి

బోన్సాయ్ మట్టి గురించి వెతికితే ఎక్కడ చూసినా జపాన్ లెక్కలే కనపడతాయి. అకడమా (గింజలుగా ఉండే జపాన్ బంకమన్ను) ఒక భాగం, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి) ఒక భాగం, లావా రాయి ఒక భాగం. ఆ మిక్స్ మంచిదే, అందులో నాకు డౌటేం లేదు, కానీ తిరుపతిలో మిద్దె మీద చెట్లు పెంచేవాళ్ల కష్టం వేరే. ఏప్రిల్, మేలో 42, 43 డిగ్రీల ఎండ, అక్టోబర్ సగం నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మధ్యలో తుఫాన్లు, ఇవన్నీ అదే రెండంగుళాల లోతు కుండీ మీదే పడతాయి. ఎండకి నీళ్లు పట్టి ఉంచుకోవాలి, వానకి నీళ్లు వదిలేయాలి, రెండు పనులూ ఒకే మట్టి చేయాలి. సీజన్‌కి ఒకసారి చెట్టు పీకి మట్టి మార్చలేం కదా. అందుకే ఈ సంవత్సరం దీని మీదే కూర్చున్నా, ఇక్కడ దొరికే సామాన్లతో రెండు కాలాలకీ నిలబడే మిక్స్ తేల్చాలి, చూసింది చూసినట్టు రాస్తా పోతా.

మిద్దె మీద ఇప్పుడున్నవి: ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన ఫైకస్ మైక్రోకార్పాలు (మర్రి జాతి చెట్లు, టెస్టుకి ఇవే మెయిన్, ఎందుకంటే అన్నీ ఒకే వయసు, ఒకే జాతి, తేడా వస్తే మట్టి వల్లే అని చెప్పొచ్చు), ఒక రావి, గింజ నుంచి పెంచిన చింతలు, కాగితం పూల చెట్టు, అడీనియంలు (ఎడారి గులాబీలు), ఇంకా సగం డ్రమ్ముల్లో నిమ్మ, కరివేపాకు. డ్రమ్ముల లెక్క వేరు, దాని గురించి తర్వాత చెప్తా.

తిరుమల ఘాట్ రోడ్డులో పోయినప్పుడల్లా నేను కిటికీ పక్కనే కూర్చుంటా, రాతి పగుళ్లలోంచి మొలిచిన రావి, మర్రి జాతి చెట్లు చూడ్డానికి. ఆ కొండకి కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, ఆ రెండు రాళ్లూ కలిసే గీతని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కూడా గుర్తించారు, రోడ్డు పక్కనే కనపడుతుంది. ఆ రాళ్ల సందులో గుప్పెడు మట్టి ఉండదు, అయినా వేర్లు చేతి లావు ఉంటాయి. సందులో గాలి ఉంది, తడి ఉంది, వాన పడితే నీళ్లు నిలవకుండా జారిపోతాయి. వేరుకి కావాల్సింది ఇదే, నీళ్లూ గాలీ రెండూ ఒకే చోట దొరకాలి.

మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోదు. "ఏమ్మే, మట్టి లేకుండా చెట్టెట్ల బతుకుతుంది, ఇటుక ముక్కల్లో ఏముంటాదని" అంటుంది. ఆమె పుట్టిందీ పెరిగిందీ చిత్తూరు పక్కన పల్లెలో, ఎర్రనేలలో మామిడి తోట చూసుకున్న మనిషి. ఆమె మాట నేలకి నూటికి నూరు పాళ్లు కరెక్టు. నేలలో అడుగుల కొద్దీ లోతు ఉంటుంది, వానపాములు, చీమలు ఎప్పుడూ తవ్వుతా ఉంటాయి, నీళ్లు కిందకి లాక్కోబడతాయి. అదే ఎర్రమట్టిని రెండంగుళాల ట్రేలో పోస్తే ఆ సాయం ఏదీ ఉండదు.

స్పాంజి టెస్టు

ఇది ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు, నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చూపిస్తా. గిన్నెలు తోమే పొడుగాటి స్పాంజి తీసుకుని నీళ్లలో ముంచి, అడ్డంగా పడుకోబెట్టి పట్టుకోండి, కారేదంతా కారిపోనివ్వండి. చుక్కలు ఆగాక పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. అదే స్పాంజి, అదే నీళ్లు, ఎత్తు పెరిగింది అంతే.

కుండీలో కూడా ఇదే జరుగుతుంది. నీళ్లు పోసి, కిందనుంచి కారడం ఆగాక కూడా అడుగున ఒక పొర మొత్తం నీళ్లతో నిండే ఉంటుంది, అందులో గాలి ఉండదు. ఆ పొర మందం ఎంత అనేది కుండీ లోతు మీద ఆధారపడదు, మట్టి గింజ సైజు మీద ఆధారపడుతుంది. 3 నుంచి 6 ఎంఎం గింజలకి దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్లు, అర ఎంఎం ఇసకకి పది పదిహేను సెంటీమీటర్ల దాకా పోతుంది. ఇప్పుడు ఐదు సెంటీమీటర్ల లోతు బోన్సాయ్ ట్రేలో సన్న ఇసక, ఎర్రమట్టి పోస్తే ఏమవుతుందో చూడండి, ట్రే మొత్తం ఆ తడి పొరలోనే మునిగి ఉంటుంది. అదే మట్టి అడుగున్నర లోతు డ్రమ్ములో పోస్తే కింద నాలుగోవంతు, మూడోవంతు మాత్రమే తడిసి, పైన వేర్లకి గాలి దొరుకుతుంది. డ్రమ్ములో నిమ్మకి బాగా పనిచేసిన మట్టి ట్రేలో ఫైకస్‌ని కుళ్లబెట్టేది ఇందుకే.

దీన్నుంచే ఇంకో విషయం కూడా తేలుతుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని అందరూ చెప్తారు, అది పనిచేయదు. సన్న మట్టి కింద పెద్ద రాళ్లు పెడితే తడి పొర ఆ రాళ్ల పైకి జరుగుతుంది, అంతే, వేర్లకి ఉండే చోటు ఇంకా తగ్గిపోతుంది. బెజ్జం మీద ప్లాస్టిక్ మెష్ ముక్క వేసి, కిందనుంచి పైదాకా ఒకే మిక్స్ నింపడం మేలు.

మార్చి, సామాన్ల వేట

సైజు ముఖ్యం అని తేలాక మిగిలింది ఏ గింజ అనేది. అకడమా అంటే జపాన్‌లో కాంటో ప్రాంతంలో తవ్వే అగ్నిపర్వతపు బంకమన్ను, గింజలు గింజలుగానే ఉంటుంది, లోపల సన్నటి రంధ్రాలతో నీళ్లు పట్టుకుంటుంది, గింజల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఒక చిన్న సంచి ఆన్‌లైన్‌లో తెప్పించా, పక్కన పెట్టి పోల్చుకోడానికి. మిద్దె మొత్తానికి ఆ రేటు పెట్టలేం, పెట్టాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ రెండు పనులూ (లోపల నీళ్లు, బయట గాలి) చేసే వస్తువు మనకి ప్రతి ఊరి బయటా కుప్పలు పడి ఉంటుంది. ఇటుక.

ఇటుక బట్టీలో విరిగినవి అడిగితే ఆ పనాయన ఆశ్చర్యపోయాడు, "అక్కా, ఇవి పునాదిలో పోసుకునేదానికి కదా, చెట్లకెందుకు" అని. చెప్పాక ఆయనే మంచివి ఏరి ఇచ్చాడు. ఇక్కడ ఏరుకోవడంలోనే సగం పని ఉంది. సరిగ్గా కాలని ఇటుక నారింజ రంగులో పాలిపోయి ఉంటుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది, నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున వేళ్ల మధ్య నలిపితే బురద అవుతుంది, అది కుండీలో వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ బంకమట్టే. ఎక్కువ కాలి నల్లగా గాజు తేలినట్టు మెరిసే ఇటుక రాయితో సమానం, నీళ్లు పీల్చదు. మధ్యలోది కావాలి, బాగా ఎర్రగా, రెండు తాకిస్తే ఖణేల్ మనేది, ఒక చుక్క నీళ్లు వేస్తే వెంటనే పీల్చేసేది. పాత ఇల్లు పడగొట్టిన ఇటుకలు వద్దు, వాటికి సిమెంటు, సున్నం అంటుకుని ఉంటుంది, కుండీలో పీహెచ్ (క్షారగుణం కొలత) పెంచేస్తుంది. డౌటుంటే కొంచెం వెనిగర్ పోయండి, బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టు.

పలమనేరు వైపు పోయినప్పుడు ఇంకోటి దొరికింది. ఆ పక్క టెర్రకోట బొమ్మలు, కుండలు చేసేవాళ్ల ఇళ్ల దగ్గర కాల్చేటప్పుడు పగిలిన పెంకులు గుట్టగా ఉంటాయి. ఒక పెద్దాయన "తీసుకోండమ్మా, ఎత్తేసేదానికే మాకు కష్టం" అని సంచికి ఎత్తించాడు. పెంకు ఇటుక కంటే సమానంగా కాలి ఉంటుంది, సున్నం సమస్య ఉండదు. ఒకటే తేడా, పగలగొడితే పలకల్లాగా వస్తుంది, గుండ్రంగా రాదు.

పగలగొట్టడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇటుక దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ముందు ఇటుకల్ని నానబెట్టి, తడిగానే పాత గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లలు పక్కన ఉండకూడదు. తడిగా జల్లెడ పట్టడం కష్టమే, నీళ్లలో ఆడిస్తా పట్టాలి, టైం ఎక్కువ పడుతుంది, అయినా పొడిగా మాత్రం చేయొద్దు.

జల్లెడలు మూడు వాడా. ఇసక పట్టే ఇనప జల్లెడ ఒకటి (6 ఎంఎం), వంటింటి సామాన్ల అంగట్లో దొరికే ముతక జల్లెడ ఒకటి (3 ఎంఎం లోపు), కిటికీకి కొట్టే దోమల మెష్ ఒకటి. 6 మీద ఆగింది మళ్లీ సుత్తి కిందకి, 3 నుంచి 6 మధ్యది మెయిన్ మిక్స్‌కి, మెష్ మీద ఆగిన సన్నది చిన్న చెట్లకీ పై పొరకీ, మెష్ దాటి కింద పడ్డ పొడి కుండీకి అస్సలు వాడకూడదు. బోన్సాయ్ మట్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు ఏదంటే నేను జల్లెడ అనే చెప్తా, అకడమా అయినా ఇటుకైనా జల్లెడ పట్టకపోతే ఆ పొడి పోయి సందుల్లో కూర్చుంటుంది, ఇంక ఎంత ఖరీదైన గింజ వాడీ ఏం లాభం.

మిగతావి త్వరగా చెప్పేస్తా. గ్రానైట్ చిప్స్: చిత్తూరు జిల్లాలో రాయి పని ఎక్కువ కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి, నీళ్లు పీల్చవు, బరువుంటాయి, చెట్టు గాలికి పడిపోకుండా నిలబెడతాయి. ఎం శాండ్ (రాయిని మర పట్టి చేసే ఇసక): రాతి పొడి ఎక్కువ, వద్దు. మామూలు ఇసక: సన్నది, ట్రేలకి వద్దు. ఊక బూడిద: పూర్తిగా తెల్లగా కాలింది వద్దు, నల్లగా సగం కాల్చిన ఊక మాత్రం డ్రమ్ములకి బాగుంటుంది. పెర్‌లైట్ (తెల్లటి తేలిక గింజలు): మంచిదే కానీ పెద్ద వాన పడితే తేలి పైకొచ్చేస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు): 5 కిలోల దిమ్మ నానిస్తే 70 లీటర్ల పైనే అవుతుంది, కానీ ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడగాలి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) మీటర్ ఉంటే కడిగిన నీళ్లు మన మామూలు నీళ్ల రీడింగ్‌కి దగ్గరికి వచ్చేదాకా కడగండి.

కొలతలు

లీటరు డబ్బా ఒకటి, అడుగున బెజ్జాలు పెట్టి టేపు వేసి మూసేశా. సామాను ముందు రోజు రాత్రే నానబెట్టుకుని, ఒడకట్టి డబ్బా నింపి, పైదాకా నీళ్లు పోసి కాసేపు ఉంచి, టేపు తీసి, కారిన నీళ్లని కొలిచే గ్లాసులో పట్టా. ఎన్ని నీళ్లు కారితే అంత చోటు గాలికి దొరికినట్టు. తర్వాత ఆ తడి సామాను తూకం వేసి, ఎండబెట్టి మళ్లీ తూకం వేస్తే ఎన్ని నీళ్లు పట్టి ఉంచిందో తెలుస్తుంది.

ఎర్రమట్టి, ఇసక, పశువుల ఎరువు కలిపిన మామూలు నర్సరీ మిక్స్: కారింది 40 ఎంఎల్. లీటరులో 4 శాతం గాలి అన్నమాట, ఇది చూశాక నాకు ఇంక వేరే ప్రూఫ్ అక్కర్లేదనిపించింది. ఇల్లు కట్టే ఇసక ఒట్టిది 50 దగ్గర. 3-6 ఎంఎం ఇటుక ఒట్టిది 370, పట్టి ఉంచింది 230. పలమనేరు పెంకు 390, పట్టి ఉంచింది 190. అకడమా 330, పట్టి ఉంచింది 400 దగ్గర దగ్గర. నిజం నిజంగానే చెప్పాలి, నీళ్లు పట్టి ఉంచడంలో అకడమాకి ఇటుక సాటి రాదు. ఆ తేడానే కోకోపీట్‌తో, కంపోస్టుతో పూడ్చాలి, ఎంత వెయ్యాలి అనేదే ఇప్పుడు ప్రశ్న.

కొన్ని లెక్కలు వేసి చూశాక నిలబడింది ఇది, అన్నీ కొలత లెక్కన, తూకం కాదు: ఇటుక 6, గ్రానైట్ చిప్స్ 2, బాగా మాగిన కంపోస్టు 1, కోకోపీట్ 1. కంపోస్టు, కోకోపీట్ కూడా మెష్ మీద ఆడించి పొడి తీసేసినవే. ఇది కారింది 270, పట్టి ఉంచింది 300. ఇటుక ఎందుకు ఒట్టిది వాడకూడదంటే ఇంకో కారణం కూడా ఉంది, కాల్చిన మట్టి ఎరువుని పెద్దగా పట్టుకోదు, పోసింది పోసినట్టు కడుక్కుపోతుంది, కంపోస్టూ కోకోపీట్ ఆ పని చేస్తాయి.

మార్చిలోనే ఫైకస్‌లు అన్నీ మార్చేశా, ఎండ ముదరక ముందే వేర్లు పట్టుకోవాలి. కొన్ని నర్సరీ మిక్స్‌లోనే ఉంచా, కొన్ని ఒట్టి ఇటుకలో, కొన్ని 6-2-1-1లో, కొన్ని అదే లెక్కలో ఇటుక బదులు పెంకుతో, ఒకటి అకడమాలో. అన్నీ ఒకే సైజు మట్టి ట్రేలు. పాత మట్టి వేర్ల నుంచి వెదురు పుల్లతో పూర్తిగా దులపాలి, మధ్యలో బంకమట్టి గడ్డ అలాగే వదిలి చుట్టూ కొత్త మిక్స్ పోస్తే నీళ్లు కొత్త దాంట్లోంచి జారిపోతాయి, మధ్యలో గడ్డ ఎండిపోయి రాయి అవుతుంది. ఒక నర్సరీ నుంచి వచ్చిన చింత ఇలాగే ఉంది, పైన చూస్తే కోకోపీట్, లోపల చెరువు మట్టి ముద్ద, గంట సేపు నీళ్లలో పెట్టి దులపాల్సి వచ్చింది. మార్చాక మూడు వారాలు 50 శాతం షేడ్ నెట్ కింద.

మే

ఇది మొదటి పరీక్ష. మధ్యాహ్నం రెండు గంటలకి థర్మామీటర్ పుల్ల కుండీల్లో గుచ్చి చూశా. మిద్దె సిమెంటు మీద నేరుగా పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీలో 44, బల్ల మీద షేడ్ నెట్ కింద మట్టి ట్రేలో 36. మట్టి కుండీ గోడల్లోంచి తడి ఆరతా ఉంటుంది కాబట్టి చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కి ఆ సౌకర్యం లేదు. 40 దాటాక వేర్ల కొసలు దెబ్బ తింటాయి, అప్పుడు ఎంత నీళ్లు పోసినా ఆకు వాలిపోయే ఉంటుంది, జనం ఇంకా నీళ్లు పోస్తారు. మట్టి మిక్స్ మార్చే ముందు కుండీని సిమెంటు మీద నుంచి లేపడమే ముందు చేయాల్సిన పని.

ఒట్టి ఇటుకలో ఉన్నవాటికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పనిసరి, ఒక పూట తప్పినా చిగుళ్లు వాలిపోయాయి. పెంకువి కూడా దాదాపు అంతే. 6-2-1-1లో ఉన్నవి పొద్దున పోస్తే సాయంత్రం దాకా నిలబడ్డాయి, బాగా ఎండ కాసిన రోజుల్లో సాయంత్రం పైపైన చల్లితే చాలింది. అకడమాది ఒక్క పూటతో సరి. నర్సరీ మిక్స్ ఇక్కడ ఒక విచిత్రం చూపించింది, పైన ఎండి పెచ్చు కట్టేసింది, నీళ్లు పోస్తే అంచుల సందులోంచి జారి కిందకి పోయాయి, లోపల పొడి పొడిగా ఉంది, కింద నుంచి నీళ్లు కారుతున్నాయి కదా అని చూసేవాళ్లకి ఇది తెలీదు. వెదురు పుల్ల గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి చూస్తేనే తెలుస్తుంది, పుల్ల రంగు మారి తడిగా వస్తే నీళ్లు ఉన్నట్టు.

పైన కప్పు వెయ్యడం బాగా పనిచేసింది. కొబ్బరి పీచు సన్నగా చించి అర అంగుళం మందం పరిచా, ఒట్టి ఇటుక కుండీలు కూడా కాస్త కోలుకున్నాయి. మేలో ఇది వేసి, వానలు మొదలవక ముందు తీసేయాలి.

జూన్, నీళ్ల సంగతి

నిమ్మ కొత్త ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కొత్త ఆకుల్లో ఇలా వస్తే ఐరన్ అందడం లేదని అర్థం, పాత ఆకులు మొదట పసుపైతే అది నత్రజని సంగతి. మా బోరు నీళ్ల టీడీఎస్ 900 దగ్గర ఉంది, కుండీల అంచున తెల్ల పెచ్చు కడుతుంది, ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, రోజూ పోస్తా ఉంటే మట్టి పీహెచ్ పెరుగుతుంది, అప్పుడు మట్టిలో ఐరన్ ఉన్నా వేరు తీసుకోలేదు. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఐరన్ వల్ల, అయినా నిమ్మకి ఐరన్ తక్కువైంది చూడండి.

మందుల అంగట్లో ఐరన్ చీలేట్ (వేరు తీసుకోగలిగేలా చేసిన ఐరన్ మందు) అడిగితే ఈడీటీఏ రకం ఇస్తారు, అది పీహెచ్ ఆరున్నర దాటితే నిలబడదు, మన బోరు నీళ్లకి ఈడీడీహెచ్ఏ రకం కావాలి, డబ్బా మీద చదివి తీసుకోండి. అది పోసిన తర్వాత వచ్చిన చిగుళ్లు పచ్చగా వచ్చాయి. బోన్సాయ్‌లకి మాత్రం వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పెడుతున్నా, కళ్యాణి డ్యామ్ నీళ్లు కొళాయికి వచ్చిన రోజు అవి కూడా పట్టుకుంటా, బోరు కంటే చాలా మేలు. గింజల మిక్స్‌లో ఇంకో లాభం ఏందంటే, వారానికి ఒకసారి మంచి నీళ్లు బాగా ఎక్కువ పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుని కిందకి పోతుంది, బంకమట్టిలో ఇది కుదరదు.

ఆగస్టు

చెప్పుకోడానికి పెద్దగా లేదు, చెట్లు బాగా పెరిగాయి. ఎరువు చెనక్కాయ చెక్క, వేపపిండి. చెక్కని నేరుగా కుండీ మీద చల్లితే నాని జిగురై సందులన్నీ మూసేస్తుంది, ఇంత కష్టపడి జల్లెడ పట్టిందంతా వృథా, అందుకే పల్చటి గుడ్డలో చిన్న మూటలు కట్టి మట్టి మీద పెడుతున్నా, నీళ్లు పోసినప్పుడల్లా కొంచెం కొంచెం దిగుతుంది, నెల తర్వాత మూట తీసి పారేయడమే.

అడీనియంలకి ఇటుక 7, గ్రానైట్ 2, కంపోస్టు 1, కోకోపీట్ అస్సలు లేదు, దుంపలు గట్టిగా ఉన్నాయి. కాగితం పూల చెట్టుకి దాదాపు అదే లెక్క, కంపోస్టు ఇంకొంచెం ఎక్కువ.

డ్రమ్ముల సంగతి ఇక్కడే చెప్పేస్తా. లోతు ఉంది కాబట్టి వాటికి ఎర్రమట్టి పనికొస్తుంది, మొత్తం ఇటుకే పోస్తే నీళ్లకే మన జీవితం అయిపోతుంది. ఎర్రమట్టి 4, ఇటుక ముక్కలు 3 (6 నుంచి 10 ఎంఎం పెద్దవి), కంపోస్టు 2, నల్లగా కాల్చిన ఊక 1. మా అత్తమ్మ ఈ మిక్స్‌ని చేత్తో పిసికి చూసి "ఇది మట్టి, ఇందులో కాస్తాది" అంది, ఆ మాట నాకు కొలతల కంటే తక్కువేం కాదు. బరువు మాత్రం మర్చిపోవద్దు, తడిసిన మిక్స్ లీటరు కిలోన్నర దాకా తూగుతుంది, వంద లీటర్ల డ్రమ్ము అంటే 150 కిలోలు, మిద్దె మధ్యలో పెట్టకుండా గోడలూ దూలాలూ ఉన్న చోట పైన పెట్టుకోండి.

నవంబర్

ఇది రెండో పరీక్ష, నేను ఎదురుచూసింది దీనికే. 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో వాగులు పారినప్పుడు, ఘాట్ రోడ్లు మూసేసినప్పుడు, మిద్దె మీద ఎంతమంది చెట్లు పోయాయో ఇక్కడి తోటమాళ్లందరికీ తెలుసు. చెట్టు వాన పడిన రోజే చావదు, వేరుకి గాలి ఆడక లోపల కుళ్లి, వానలు ఆగి ఎండ వచ్చాక, నీళ్లు లాగాల్సిన టైంలో వేరు లేక ఆకు రాలుతుంది, అప్పుడు జనం నీళ్లు తక్కువయ్యాయనుకుంటారు.

ఈసారి అల్పపీడనం పట్టి వదలకుండా కురిసిన వారంలో ఏ కుండీనీ లోపలికి తేలేదు, టెస్టు టెస్టులాగే ఉండాలని. నర్సరీ మిక్స్ కుండీల్లో నీళ్లు పైకి నిలబడ్డాయి, పుల్ల గుచ్చి తీసి వాసన చూస్తే మురుగు వాసన. 6-2-1-1 కుండీల్లో ఎంత పోసినా పైన నీళ్లు కనపడలా, పుల్ల తడిగా వచ్చింది కానీ వాసన మట్టి వాసనే. ఒట్టి ఇటుక, పెంకు కుండీలకి వాన పడిందనే పట్టింపే లేదు. అకడమా కూడా బాగానే ఉంది, కొన్ని గింజలు మాత్రం మెత్తబడడం మొదలైంది.

వాన వదలకపోతే చేయదగ్గ పని ఇంకోటి ఉంది, కుండీ ఒక వైపు కింద అర ఇటుక పెట్టి వాల్చడం. స్పాంజిని తిప్పినప్పుడు జరిగినట్టే, ఎత్తు పెరిగి అడుగున నిలిచిన నీళ్లు కొంత కారిపోతాయి. నర్సరీ మిక్స్‌లో ఉన్నవాటికి సగం వారం తర్వాత ఇది చేశా, వాసన తగ్గింది. ఇప్పటికిప్పుడు మట్టి మార్చలేని వాళ్లు ఇదొక్కటి చేసినా చెట్టు దక్కుతుంది.

డిసెంబర్

వానలు తగ్గాక ఒక్కో మిక్స్ నుంచి ఒక్కో చెట్టు నిదానంగా పైకి లేపి వేర్లు చూశా, పెద్దగా కదపకుండా.

నర్సరీ మిక్స్: వేర్లన్నీ కుండీ గోడ చుట్టూ తిరిగాయి, గోడ దగ్గర మాత్రమే గాలి దొరికింది కాబట్టి. మధ్యలో వేరే లేదు, అడుగున ఉన్నవి నల్లగా, లాగితే తొక్క జారిపోయి దారం మిగులుతుంది. ఒట్టి ఇటుక: వేర్లు ఆరోగ్యంగా, తెల్లగా ఉన్నాయి, కానీ తక్కువ, పొడుగ్గా, కొమ్మలు లేకుండా పోయాయి, మేలో పడిన కష్టం కనపడుతుంది. పెంకు: ఇటుకలాగే, పలకల మధ్య వేర్లు చదునుగా అణిగాయి, లెక్కలో పెంకుని సగం చేసి మిగతా సగం ఇటుక వేస్తే బాగుంటుందనిపిస్తా ఉంది. అకడమా: సన్నటి వేర్లు గింజల్లోపలికే దూరాయి, చూడ్డానికి చాలా అందంగా ఉంది, దాని పేరు ఊరికే రాలేదు. 6-2-1-1: కుండీ మొత్తం, మధ్యలో కూడా, సన్నటి కొమ్మల వేర్లు, ఇటుక ముక్కలకి అంటుకుని, దులిపితే ముక్క రాదు, వేరు దాని రంధ్రాల్లోకి పోయి పట్టుకుంది. కొత్త వేర్ల కొసలు తెల్లగా కనపడతా ఉన్నాయి. అకడమా చెట్టుతో పక్క పక్కన పెడితే చిగుళ్లలో తేడా నాకు కనపడలేదు.

అత్తమ్మని పిలిచి రెండు చెట్లూ చూపించా. నల్ల వేర్లు చేత్తో పట్టుకుని చూసి, ఇటుక ముక్కల్లో వేర్లు చూసి, "మరి మిగతావి ఎప్పుడు మారుస్తావు మే" అని అడిగింది.

ఫిబ్రవరి చివర్లో, చిగుళ్లు కదలక ముందు. నర్సరీ మిక్స్‌లో మిగిలిన ఫైకస్‌లు, రావి అన్నీ 6-2-1-1కి పోతాయి, చింతలకి అదే లెక్కలో సన్న సైజు, 2 నుంచి 4 ఎంఎం. సంక్రాంతి అయ్యాక బట్టీకి పోయి ఇటుకలు తెచ్చుకోవాలి, నానబెట్టి కొట్టి జల్లెడ పట్టేసరికి నెల పడుతుంది. ఈసారి ఒక కొత్త టెస్టు కూడా పెడతా, కోకోపీట్ బదులు నల్లగా కాల్చిన ఊక 1 భాగం వేసి కొన్ని కుండీలు, మేలో ఎన్ని పూటలు నిలబడతాయో చూడాలి.